రెండో వరస మనది

ఆ రక్తపు గొట్టం ఇంకా వెచ్చగా ఉంది.

మధ్యాహ్నం అన్నం తిని, డబ్బా కడిగిన చేతులు చున్నీకి తుడుచుకుంటూ ల్యాబ్‌లోకి వచ్చాను. కంప్యూటర్ మళ్లీ పడిపోయిందని పిలిచారు. కీబోర్డుకు అడ్డంగా ఉన్న స్టాండును జరపబోయి, అందులో ఒంటరిగా నిలబడి ఉన్న గొట్టాన్ని పట్టుకున్నాను. వేళ్లకు వెచ్చగా తగిలింది. తిప్పి లేబుల్ చదివాను. ఆ పేరుగల మనిషి చనిపోయి, బొమ్మిడి వైపు వాళ్ల ఊళ్లో మట్టిలో కలిసిపోయి అప్పటికి వారం దాటింది.

దయ్యాలంటే నాకు భయం ఉందో లేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ క్షణాన నన్ను పట్టుకున్నది మాత్రం ఆ భయం కాదు. చనిపోయిన మనిషికి వెచ్చటి రక్తం ఉండదు. ఇది బతికున్న ఎవరిదో. ఎవరిది?

నేను తమిళ సీమలోని ధర్మపురిలో ఒక చిన్న నర్సింగ్ హోంలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేశాను. ఇప్పుడు మానేశాను. పిల్లలు పడుకున్నాక, వాళ్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వచ్చి, వంటింటి గట్టు దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. మా ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారే గానీ చదవడం రాయడం చాలామందికి రాదు. మా అమ్మది కుప్పం కాబట్టి నాకు అక్షరాలు వచ్చాయి. కంప్యూటర్ చదువు చదివి ఇలాంటి చిన్న ఊళ్లలో, చిన్న ఆస్పత్రుల్లో పనికి చేరే పిల్లలు ఎవరైనా చదువుతారని ఆశ. కాలేజీలో మాకు అన్నీ చెప్పారు, ప్రింటర్ గురించి తప్ప. ప్రింటర్ అంటే చివర్న కాగితం కక్కే పెట్టె అనుకున్నాను.

మా ల్యాబ్‌లో లేబుళ్ల ప్రింటర్ ఒకటి ఉండేది. రోగి పేరు కంప్యూటర్‌లో ఎక్కించి ప్రింట్ నొక్కితే, పేరూ వయసూ ఉన్న చిన్న చిన్న అంటింపు కాగితాలు ఒక వరసగా వచ్చేవి. వాటిని రక్తం తీసే గొట్టాలకు అంటించాలి. అంతే పని. ఆ ప్రింటర్ ఒకరోజు కాలిపోయింది. బాగుచేసే మనిషి వచ్చి, వేరే కంపెనీది ఒకటి తెచ్చి పెట్టి, పాతదాని డ్రైవర్ మీదనే నడిపి చూశాడు. లేబుల్ వచ్చింది. "వచ్చింది కదా మేడమ్, ఇంకేం కావాలి" అని టీ తాగి వెళ్లిపోయాడు. డ్రైవర్ అంటే కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య దుబాసీ. కన్నడమే తెలిసిన దుబాసీని తమిళం మాట్లాడే మనిషి పక్కన కూర్చోబెట్టి పోయాడన్నమాట. నాలుగు మాటలు కలుస్తాయి. ఐదో మాట దగ్గర ఇద్దరూ పడిపోతారు.

పడిపోవడం అంటే ఎర్రర్ అని కూడా చెప్పదు. తెర మీద ఉన్న సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి మాయమవుతుంది. వెనక మంచుకొండ బొమ్మ ఒక్కటే మిగులుతుంది.

మొదటిసారి అలా మాయమైంది ఆ బొమ్మిడి ఆవిడ పేరు మీదనే. వేరేచోట కాన్పయి, రక్తం ఆగక, ఆఖరి ఘడియల్లో మా దగ్గరికి తెచ్చారు. పేరు ఎక్కించి ప్రింట్ నొక్కగానే సాఫ్ట్‌వేర్ పోయింది. నేను పరుగెత్తుకొచ్చి తెరిచేసరికి ఆమే పోయింది. కంప్యూటర్ నిలబడి ఉన్నా ఆమె నిలిచేది కాదని డాక్టరమ్మ అంది. ఆమె చేతి నుంచి ఒక్క చుక్క రక్తం కూడా మా గొట్టంలోకి రాలేదు.

మర్నాడు పొద్దున ఇంకెవరికో లేబుళ్లు కావలసి వచ్చాయి. సాఫ్ట్‌వేర్ మాయమైంది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. ఎవరూ ఏమీ నొక్కలేదు. ప్రింటర్ దానంతట అదే కిర్రుమంది. లేబుళ్ల వరస మెల్లగా బయటికొచ్చింది, ఆవిడ పేరుతో. ఆమె పేరు నేనిక్కడ రాయను.

మా పెద్ద సిస్టర్ నా వెనకే నిలబడి ఉంది. ఏ. పళ్లిపట్టి అనే ఊరి వైపు తెలుగు కుటుంబం ఆమెది. ఆస్పత్రంతా తమిళంలో నడిచినా మా ఇద్దరి మధ్య మన మాటే. ఆమె ఆ వరసను చింపలేదు, ముట్టుకోలేదు.

"రక్తం తీయమని అడగతా ఉండాది పాపా" అంది నెమ్మదిగా. "మనం తీయకనే పంపించేసినాము కదా."

"అక్కా, అది కంప్యూటర్. పాత పని మిగిలిపోయింటే మళ్లా చేస్తుంది, అంతే."

"ఔను. నేను చెప్పేదీ అదే. పని మిగిలిపోయింది."

ఆ రోజునుంచి ప్రింటర్ మీద నిమ్మకాయ, విభూతి. ప్రింటర్ కదిలినప్పుడల్లా నిమ్మకాయ దొర్లి కింద పడేది, ఆమె తీసి మళ్లీ పెట్టేది. ల్యాబ్‌లో పనిచేసే అన్నకు నోరు ఊరకుండదు. "అక్కా, పక్కనే రవంత ఉప్పూ కారమూ పెట్టు. పేయీ దయ్యమూ పోకపోయినా ఊరగాయన్నా మిగులుతుంది" అన్నాడు. "నీ నోట్లో మన్ను పడ! రేపు నీ పేరే వస్తుంది చూడు దాంట్లో" అంది ఆమె. నవ్వినవాళ్లం నవ్వాం గానీ, ప్రింటర్ కిర్రుమనగానే ముగ్గురమూ ఒక్కసారే అటు తిరిగాం.

నేను సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాను. తీసేసి మళ్లీ ఎక్కించమన్నారు. ఎక్కించాను. వైరస్ అన్నారు. వెతికాను. చివరికి ఒక సంగతి నా కళ్లబడింది. ఆవిడ పని ఇరుక్కున్నప్పటినుంచి, ప్రింట్ నొక్కకముందే, రక్తం నమూనాల పేజీ తెరవగానే సాఫ్ట్‌వేర్ పడిపోతోంది. ఆ పేజీ తెరుచుకునేటప్పుడు కాగితం వెడల్పు ఎంతని ప్రింటర్‌ను అడుగుతుంది. తప్పు దుబాసీ తప్పు జవాబు చెప్పి, తాను కూలుతూ సాఫ్ట్‌వేర్‌ను కూడా లాక్కుపోతున్నాడు. కంప్యూటర్ తనలో తాను రాసుకునే చిట్టాలో ప్రతి పతనం పక్కనా ఒకే ఫైలు పేరు, ఆ పాత డ్రైవర్‌ది. ఆవిడ లేబుళ్లు ప్రింటయిన ప్రతిసారీ, పని అయిపోయిందని కంప్యూటర్‌కు తెలిసేలోపే డ్రైవర్ కూలేది. అందుకే ఎన్నిసార్లు చేసినా ఆ పని చేయనట్టే ఉండిపోయింది.

పిల్లలూ, ఇలాంటి చోట సంతోషపడకండి. కారణం దొరకడం వేరు, పని జరగడం వేరు.

డ్రైవర్ తీసేయబోతే, వాడుకలో ఉంది, కుదరదంది కంప్యూటర్. వాడుతున్నదెవరు? ప్రింటర్ వరసలో ఒకే ఒక్క పని కాచుకుని ఉంది, ఆవిడ పేరుతో. దాన్ని రద్దు చేస్తే తప్ప డ్రైవర్ వదలదు. మౌస్ ఆ పేరు మీద పెట్టాను. కుడివైపు నొక్కాను. రద్దు చేయాలా అని అడిగింది.

పెద్ద సిస్టర్ నా మణికట్టు పట్టుకుంది. చేయి చల్లగా ఉంది.

"ఆమెకు దినాల కర్మాది కాలేదు ఇంకా."

"అక్కా, ఇది..."

"తెలుసు, కంప్యూటర్. కర్మాది కాకముందే పేరు కొట్టేస్తారా ఎవరన్నా? మా ఊర్లో రేషన్ కార్డులో కూడా కొట్టనియ్యరు. నీకు ఇంట్లో ఇద్దరు చిన్న బిడ్డలు ఉండారు పాపా. ఆ పేరు మీద నువ్వు చెయ్యి పెట్టొద్దు."

చివరి మాట లేకపోతే నొక్కేదాన్నేమో. డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె తమిళంలోనే అంది, మన మాటల్లో రాస్తున్నాను. "కొన్నాళ్లే కదమ్మా? కర్మాది అయినాక తీసుకో. సిస్టర్లు భయపడి లీవు పెడితే లేబుళ్లు నేను అంటించాల్నా?"

అలా ఆస్పత్రిలో కొత్త పద్ధతి పుట్టింది. ఆవిడ వరస బయటికొచ్చాక ఒకసారి దారి తెరుచుకుని మన లేబుళ్లు వచ్చేవి. కాబట్టి మొదటి వరస ఆమెది, రెండో వరస మనది. ఆమె లేబుళ్లను చెత్తబుట్టలో వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. పెద్ద సిస్టర్ వాటిని మందుల బీరువా తలుపు లోపలివైపు అంటించేది. తలుపు తెరిస్తే ఒకే పేరు, మీది నుంచి కిందికి, వరస కింద వరస. రోజూ పెరిగేది. దూది కోసం తెరిచినప్పుడు కళ్లు పక్కకు తిప్పుకునేవాళ్లం. ఒక సాయంత్రం ఇంట్లో నా కొడుకుకు నీళ్లు పోస్తూ, వాణ్ని ఆ పేరుతో పిలవబోయాను. సగం నోట్లోనే ఆగింది. వాడు తలెత్తి చూశాడు. ఇంకో చెంబు పోశాను.

అలవాటు చేసే పని ఇదే. ఆ పేరు చదవడం మానేశాం. వరసలు లెక్కపెట్టడం నేర్చుకున్నాం.

ఆ మధ్యాహ్నానికి వస్తాను. ఆ రోజు ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఒకామె హొగేనక్కల్ దగ్గర నుంచి కాన్పుకు వచ్చింది. ఆమె భర్త అక్కడి నదిలో పుట్టి పడవ నడుపుతాడు. బిడ్డ పుట్టింది, రక్తం ఆగలేదు. ఇంకొకామె గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చి మంచం మీద కూర్చుని ఉంది. ఇద్దరికీ రక్తం తీశారు. ఇద్దరి పేర్లూ కంప్యూటర్‌లో ఎక్కించారు. అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ వచ్చింది, మళ్లీ కరెంటు వచ్చింది, మళ్లీ పోయింది. ఇవన్నీ నేను అన్నం తింటుండగానే జరిగాయి.

గొట్టం చేతిలో పట్టుకుని ల్యాబ్ అన్నను అడిగాను. "ఇది ఎవరిదన్నా?"

"ఆపరేషన్ అమ్మది. ఎందుకు?"

"పేరు చూడు."

ఆయన చూశాడు. నవ్వబోయి ఆగాడు. "ఓ, ఇదీ అట్లేనా? ఇందాక కాన్పుదీ అట్లే వచ్చింది మేడమ్. నేనే గీకేసి చేత్తో పేరు రాసి, వాళ్లాయన చేతికిచ్చి బ్లడ్ బ్యాంకుకు పంపించేసినాను."

"రెండిటి మీదా ఒకే పేరు ఉంటే, కాన్పుది ఏదని నీకెట్లా తెలిసింది?"

"ముందర పెట్టింది కాన్పుది కదా. సిస్టర్ ఎప్పుడూ అర్జెంటుది ముందర..." ఆయన స్టాండు వైపు చూశాడు, తర్వాత ఎండలో ఖాళీగా ఉన్న వాకిలి వైపు చూశాడు. "కరెంటు పోయినప్పుడు నేనే స్టాండు ఎత్తి అటుపక్క పెట్టినాను మేడమ్. మళ్లా ఇటు పెట్టినాను. ఎట్లా పెట్టినానో..."

బీరువా తెరిచాను. ఆ రోజు కొత్తగా అంటించిన వరస ఒక్కటే ఉంది. కంప్యూటర్ పడి లేచిన ప్రతిసారీ ఆవిడ వరసే వచ్చింది. మూడు వచ్చాయి. మొదటిది బీరువాకు పోయింది. రెండోది, మూడోది మనవనుకుని ఇద్దరు బతికున్నవాళ్లకు అంటించారు.

ఆపరేషన్ గది ముందు నేలమీద ఎర్ర గీత ఉంటుంది. చెప్పులతో దాన్ని దాటకూడదు. నేనెప్పుడూ దాటలేదు. ఆ రోజు చెప్పులతోనే దాటాను. గది లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఆ హొగేనక్కల్ ఆమె ముఖం గోడసున్నం రంగులో ఉంది. రక్తం సంచి అప్పటికే వచ్చేసింది, అత్యవసరమని బ్లడ్ బ్యాంకు వాళ్లు వెంటనే ఇచ్చేశారు. పెద్ద సిస్టర్ దాన్ని కొక్కానికి తగిలించి, గొట్టంలోంచి గాలి తీస్తోంది. సంచి మీద పేరు సరిగ్గా ఉంది. పంపిన కాగితం మీద పేరు సరిగ్గా ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"అక్కా, ఎక్కించొద్దు!"

డాక్టరమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "ఎందుకు?"

"అది ఆమె రక్తం చూసి తెచ్చింది కాదేమో."

"కాదా? కాదేమోనా?"

"తెలీదు డాక్టర్. ఎవరికీ తెలీదు. రెండు గొట్టాల మీదా ఆవిడ పేరే ఉంది."

ఆవిడ అంటే ఎవరని ఎవరూ అడగలేదు. పెద్ద సిస్టర్ చేయి గొట్టం మీద అలాగే ఆగిపోయింది. "రెండో వరసనే తీసుకున్నాను పాపా" అంది. "రెండో వరసనే."

డాక్టరమ్మ చేతులు పని ఆపలేదు. "సంచి దించు. సెలైన్ వేగం పెంచు. మళ్లీ రక్తం తీయండి. పేరు అడిగి, ఇక్కడే, నా ముందర రాయండి."

పేరు అడగాలి. ఎవరిని? ఆమెకు స్పృహ లేదు. తలుపు బయట ఆమె తల్లి పసిబిడ్డను గుడ్డలో చుట్టుకుని నిలబడి ఉంది. నేను పోయి తమిళంలో అడిగాను, మీ కూతురి పేరేమిటని. ఆ ముసలామె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పొద్దున్నుంచి ఆస్పత్రి మొత్తానికి చెప్పిన పేరు అది.

"ఏ పేరమ్మా? ఇంట్లో పిలిచేదా, కార్డులో ఉండేదా?"

"రెండూ చెప్పండి."

చెప్పింది. ఇంట్లో పిలిచే పేరు చెప్పేటప్పుడు పసిబిడ్డను ఇంకా దగ్గరికి హత్తుకుంది. లోపలికి నడుస్తూ ఆ రెండు పేర్లనూ పైకే అనుకుంటూ పోయాను. ఆగితే నా నోట్లోకి వేరే పేరు వస్తుందేమోనని.

ల్యాబ్ అన్న గాజుపలక మీద గ్రూపు చూశాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఫ్యాన్ తిరుగుతోంది, ప్రింటర్ దీపం పచ్చగా వెలుగుతోంది. ఆయన ఇంకోసారి చేసి చూశాడు. ఆమెది ఓ పాజిటివ్. వచ్చిన సంచి బీ పాజిటివ్.

ఆయన అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు. అన్ని రోజులు జోకులు వేసిన మనిషి. ఒక్క నిమిషమే. లేచి, కొత్త గొట్టం జేబులో పెట్టుకుని, తన బండి మీద తానే పోయాడు. సరైన సంచి వచ్చేదాకా సెలైన్‌తో, చేతులతో, డాక్టరమ్మ ఆమెను పట్టి ఉంచింది. ఆమె బతికింది. బిడ్డా బతికింది. వాళ్లకు జరిగిందంతా చెప్పింది డాక్టరమ్మే. దాచలేదు. ఆ భర్త అంతా విని, "అయితే ఇప్పుడు ఎక్కింది ఆమెదేనా?" అని ఒక్కటే అడిగాడు. అవునని చెప్పినా మళ్లీ అడిగాడు.

సాయంత్రానికి నేను ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సరైన డ్రైవర్‌ను ప్రింటర్ కంపెనీ వెబ్‌సైటు నుంచి దించుకుని సిద్ధంగా పెట్టాను. కర్మాది ఇంకా కాలేదు. మౌస్ ఆ పేరు మీద పెట్టాను. రద్దు చేయాలా అని అడిగింది.

పెద్ద సిస్టర్ వచ్చి నా భుజం మీద చేయి వేసింది.

"లే పాపా."

"అక్కా, ఈసారి నువ్వు వద్దన్నా..."

"వద్దనలేదు. లే అన్నాను. నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. ఏదన్నా ఉంటే నాకే రానీ." నా కుర్చీలో కూర్చుంది. మౌస్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు ఆమెకు. తెర వైపు చూస్తూ, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు, "అమ్మా, నీ పేరుతో ఇంకొకామె పోయిండేది ఈరోజు. నీకు అది సమ్మతం కాదని నాకు తెలుసు. పోయిరా తల్లీ" అంది. నొక్కింది.

వరస ఖాళీ అయింది. పాత డ్రైవర్ మారుమాట లేకుండా వదిలింది. కొత్తది ఎక్కించాను. నమూనాల పేజీ తెరిచాను, పడలేదు. మళ్లీ తెరిచాను, పడలేదు. ప్రింటర్ ఆపి వేశాను. కిర్రుమని ఒకే ఒక్క లేబుల్ బయటికొచ్చింది. దాని మీద ఏమీ లేదు. తెల్లగా ఉంది.

అది కాగితం కొలత చూసుకోవడం. కొత్త డ్రైవర్‌తో ప్రింటర్ వేసిన ప్రతిసారీ ఒక ఖాళీ లేబుల్ వస్తుంది, ఆ కంపెనీ పద్ధతి అంతే. పెద్ద సిస్టర్‌కు అదే చెప్పాను. ఆమె తల ఊపింది. ఆ ఖాళీ లేబుల్‌ను జాగ్రత్తగా తీసి బీరువా తలుపుకు, అన్నిటి కిందా అంటించింది. నేను ఆ ఉద్యోగం మానేసేదాకా రోజూ పొద్దున ఆ ఖాళీ లేబుల్ వచ్చేది. దాని మీద ఎవరి పేరూ రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను కూడా.

ఆ రోజు నుంచి మా ఆస్పత్రిలో లేబుల్ అంటించే ముందు రోగి పేరు పైకి చదివి, ఔనా అని అడగడం మొదలైంది. ఇంత చిన్న పద్ధతి రావడానికి అంత కావలసి వచ్చింది. మీరు పనిచేసే చోట ఎవరైనా, యంత్రం తప్పును సర్దుకుంటూ ఒక కొత్త అలవాటు చేసుకున్నామని నవ్వుతూ చెబితే, నవ్వకండి. ఆ అలవాటు ఏం చదవడం మాన్పించిందో చూడండి.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. పొద్దున పిల్లలను లేపి, ముఖాలు కడిగి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఇడ్లీ చల్లారుతోంది.

"వినండి. ఆస్పత్రిలో ఎవరన్నా సూది తీసుకోని వస్తే చెయ్యి చాపొద్దండి. ముందర మీ పేరు చెప్పండి. గట్టిగా చెప్పండి. నాయన పేరు కూడా చెప్పండి. వాళ్లు రాసింది చూసినాకనే చెయ్యి ఇయ్యండి."

నా కొడుకు వెంటనే తన పేరూ నాయన పేరూ గోడ అదిరేట్టు అరిచి, ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాడు. కూతురు మాత్రం తినలేదు. నా ముఖంలోకే చూస్తోంది.

"నేను నిద్రపోతా ఉంటే ఎవరు చెప్తారమ్మా?"

"నేను చెప్తాను" అన్నాను. "ఇంట్లో పిలిచేదీ, కార్డులో ఉండేదీ, రెండూ చెప్తాను."